పొరపాటు జరిగాక డాక్టరు ఏం చేయాలి: సరిహద్దు జిల్లాల యువ వైద్యులకు కొన్ని సూచనలు

ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్ల రోజు మూడు నాలుగు భాషల్లో గడుస్తుంది. ఇంట్లో తెలుగు, పైఅధికారులతో ఒడియా, కేస్ షీటులో ఇంగ్లీషు, మంచం మీది రోగితో సవరో కువియో (కొండ గిరిజనుల భాషలు) కలిసిన ఒడియా. మన పొరపాటు వల్లనే ఒక రోగికి హాని జరిగితే ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఈ భాషల్లో దేనిలోనూ మనకు ఎవరూ నేర్పలేదు. నాకు ఇరవై ఏడేళ్ళ వయసులో అలాంటి రోజు వచ్చింది. అప్పుడు నేను చేసిన పనుల్లో చాలా వరకు చేయకూడనివే. అందుకే ఈ సూచనల్లో చదివి తెలుసుకున్నవి కొన్ని, ఆ రోజు నుంచి నేర్చుకున్నవి ఎక్కువ.

ముందు ఆ రోజు సంగతి చెప్పాలి. శ్రావణ మాసం, తెల్లవారుజామున ఐదు గంటలు, ఊరి పేరు అవసరం లేని ఒక చిన్న ఆసుపత్రి, డ్యూటీలో నేనొక్కడినే. కొండ మీది సవర గూడెం నుంచి ముప్పై ఏళ్ళ కూలీని భార్య, తమ్ముడు మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. పొట్ట మెత్తగా ఉంది, బి.పి. బాగుంది. గ్యాస్‌కు పాంటాప్రజోల్, వాంతులకు ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్లు చేయించి, రెండు గంటలు ఉంచి, మాత్రలు రాసి పంపించాను. వెళ్ళేముందు భార్య నాతో ఏదో అంది. పక్కనున్న ఆయా దాన్ని తెలుగులోకి మార్చి, "కళ్ళు బరువెక్కుతున్నాయంటున్నాడట బాబూ" అని చెప్పింది. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకుంటే తగ్గిపోతుందని చెప్పమన్నాను. పదకొండు గంటలకు మళ్ళీ తెచ్చేసరికి కనురెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి, ఉమ్మి మింగలేకపోతున్నాడు. నేల మీద పడుకున్నవాడిని నిద్రలో కట్లపాము కరిచింది. కట్లపాము కరిచిన చోట వాపు ఉండదు, నొప్పి దాదాపు ఉండదు, గుర్తు చాలాసార్లు కనబడదు, తెల్లవారుజామున కడుపునొప్పితో మొదలై కనురెప్పల దగ్గర బయటపడి ఊపిరి కండరాల దాకా వెళుతుంది. పది వయల్స్ విరుగుడు ఎక్కించాం, ఊపిరికి గొంతులో గొట్టం వేసి, చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ వెంటిలేటర్ ఉన్న చోటికి బయలుదేరాం. ఘాట్ రోడ్డు దిగకముందే అతని గుండె ఆగింది.

మొదటి గంట

పొరపాటు అని తెలిసిన క్షణంలో మనసు ఒకేసారి రెండు చోట్లకు పరుగెడుతుంది: రోగి దగ్గరికి ఒకటి, "ఇప్పుడు నా గతేమిటి" అన్న భయం దగ్గరికి ఇంకొకటి. ఈ రెండో పరుగును ఎవరూ ఆపలేరు, దానికి సిగ్గుపడవలసిన పని కూడా లేదు. అయితే భయం పట్టిన బుర్ర మందు మోతాదు లెక్కలో మళ్ళీ తప్పుతుంది. అందుకని మొదట చేయవలసింది ఇంకొకరిని పిలవడం. పక్క గదిలో సీనియర్ ఉంటే ఆయన్ని పిలవండి, లేకపోతే బరంపురంలోనో విశాఖపట్నంలోనో ఉన్న మీ బ్యాచ్‌మేటుకు ఫోన్ చేసి స్పీకరు మీద పెట్టి, ఏం జరిగిందో, ఏం ఇస్తున్నారో పైకి చెప్పండి. సిస్టరు విని రాసుకుంటుంది, మోతాదులో తేడా వస్తే అవతలివాళ్ళకు వినబడుతుంది. చేతులు వణుకుతుంటే గొట్టం వేసే పని చేయగలిగినవారికి అప్పగించడంలో తప్పు లేదు.

రోగి పరిస్థితి కుదుటపడ్డాక, లేదా చేయగలిగినదంతా అయిపోయాక, కాగితం. వాడిన వయల్స్, సిరంజీలు, సెలైన్ సీసా పారేయించకుండా పక్కన పెట్టించండి. కేస్ షీటులో జరిగినది జరిగినట్టు, గడియారం చూసి, సమయంతో రాయండి. ముందు రాసినదాని మీద దిద్దవద్దు, కొట్టివేసి మార్చవద్దు, పేజీ మార్చవద్దు. మరచిపోయిన విషయం ఉంటే "ఆలస్యంగా రాస్తున్నాను" అని ఆ రోజు తేదీ, సమయం వేసి కింద చేర్చండి. రోగి తరఫువారు అడిగితే 72 గంటల్లోగా రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. ఎలాగూ వాళ్ళ చేతికి వెళ్ళే కాగితమే అది. దిద్దిన కేస్ షీటు కోర్టులో ఏం చేస్తుందన్నది అలా ఉంచండి, దాన్ని దిద్దిన చేతిని చూసుకుంటూ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ప్రాక్టీసు చేయడం ఇంకా కష్టం.

కుటుంబంతో మాట్లాడడం

నేను చేయనిది ఇదే కాబట్టి దీని గురించి ఎక్కువగా రాస్తాను. ఆ రోజు ఆంబులెన్సు తిరిగి వచ్చాక నేను డ్యూటీ రూములో తెర వెనక నిలబడి ఉండగా మా ఫార్మసిస్టు బయటికి వెళ్ళి, "విషం బాగా ఎక్కిపోయింది, ఎవరి చేతిలోనూ లేదు" అని చెప్పి వచ్చాడు. మాటలో అబద్ధం లేదు. ఉదయం ఐదు నుంచి ఏడు దాకా ఆ మనిషి నా ముందే ఉన్నాడన్న సంగతి మాత్రం అందులో లేదు.

మీరు అలా చేయకండి. జరిగినదాన్ని చికిత్స చేసిన డాక్టరే స్వయంగా చెప్పాలి, వీలైతే సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. సూపరింటెండెంటుకు ముందుగా ఒక మాట చెప్పండి, మీకు ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో పొరపాట్లకు చేసుకునే బీమా) ఉంటే ఆ కంపెనీకీ తెలియజేయండి, కానీ ఆ పేరుతో రోజులు దాటించకండి. వరండాలో నిలబడి చెప్పవద్దు. ఒక గదిలో, కుర్చీలు వేసి, మీరు కూడా కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి చెప్పండి. అనువాదానికి రోగి ఇంటి పిల్లవాడిని వాడుకోవద్దు. తండ్రి మరణవార్తను పదేళ్ళ కొడుకు నోటితో తల్లికి చెప్పించిన సందర్భం నేను చూశాను, అది ఆ పిల్లవాడికి చేసే రెండో గాయం. ఆ గూడెం ఆశా కార్యకర్తనో, ఆ భాష వచ్చిన సిస్టర్‌నో కూర్చోబెట్టి, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పి, వాళ్ళు ఏం అర్థం చేసుకున్నారో తిరిగి చెప్పమనండి.

మాటల విషయానికి వస్తే, "ఉదయం మీరు వచ్చినప్పుడు ఇది పాము కాటని నేను గుర్తించలేదు. గుర్తించి ఉంటే విరుగుడు అప్పుడే మొదలుపెట్టేవాడిని. అలా జరగనందుకు నేను ఎంతో బాధపడుతున్నాను. మీరు ఏం అడిగినా చెబుతాను" అన్నంత సూటిగా ఉంటే చాలు. తెలిసినదే చెప్పండి. ముందే విరుగుడు ఇచ్చి ఉంటే తప్పకుండా బతికేవాడా అని అడిగితే, అది ఎవరూ ఖాయంగా చెప్పలేరని చెప్పండి. సిస్టరు మీదికో, ఆలస్యంగా తెచ్చారని వాళ్ళ మీదికో, తలరాత మీదికో నెట్టవద్దు. వాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే పడండి. చెయ్యెత్తే పరిస్థితి ఉందనిపిస్తే తలుపు బయట సెక్యూరిటీని ఉంచి, గుంపుతో కాకుండా దగ్గరివాళ్ళు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి.

నేను ఈ పని రెండేళ్ళు ఆలస్యంగా చేశాను. ఆ రెండేళ్ళలో ఆమె వారపు సంతలో చింతపండు అమ్ముతూ కనబడితే పక్క వరసలోకి తప్పుకునేవాడిని. చివరికి ఒక ఆదివారం ఆశా దీదీని వెంటబెట్టుకుని గూడెం వెళ్ళి, అరుగు మీద కూర్చుని, జరిగినదంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది: "ఆ రోజు కళ్ళ గురించి నేను చెప్పింది నీకు అర్థమైందా?" అర్థమైంది, నేనే పట్టించుకోలేదని చెప్పాను. ఆమె తన మరిదివైపు తిరిగి సవరలో ఏదో అంది. తాను సరిగ్గా చెప్పలేకపోవడం వల్లనే మొగుడు పోయాడని ఇన్నాళ్ళూ అనుకుంటోందని ఆశా దీదీ నాకు చెప్పింది. నా మౌనం నన్ను కాపాడిన ఆ రెండేళ్ళూ నేను మోయవలసిన దోషాన్ని ఆమె మోసింది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారని, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ నేల మీద పనిచేసే డాక్టరు కనీసం నొప్పి, చూపు, ఊపిరి, మింగడం, కాటు అన్న మాటలైనా నేర్చుకోకుండా క్యాజువాలిటీలో కూర్చోకూడదని నా అభిప్రాయం.

రాత్రులు

2000 సంవత్సరంలో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ వూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో, వైద్య లోపానికి మొదటి బాధితుడు రోగి అయితే రెండో బాధితుడు ఆ లోపం చేసిన వైద్యుడని అన్నారు. ఆ మాట ప్రపంచమంతటా వ్యాపించింది. 2019లో అదే పత్రికలో, వైద్య లోపాల వల్ల ఆప్తులను పోగొట్టుకున్నవారు ఆ పదాన్ని వదిలేయమని కోరారు. ఆ చింతపండు అమ్మే ఆమె ముఖం గుర్తుకు వస్తే నాకూ ఆ పదం వాడడానికి మనసొప్పదు. పదం సంగతి ఎలా ఉన్నా బాధ మాత్రం నిజమైనది. 2007లో అమెరికా, కెనడాల్లో 3,171 మంది వైద్యులను అడిగినప్పుడు, లోపాల కారణంగా మళ్ళీ పొరపాటు చేస్తానేమో అన్న ఆందోళన పెరిగిందని 61 శాతం, ఆత్మవిశ్వాసం తగ్గిందని 44 శాతం, నిద్ర చెడిందని 42 శాతం చెప్పారు. అలాంటి సమయంలో తమ సంస్థలు తగినంత ఆసరా ఇస్తున్నాయని ఒప్పుకున్నవారు పది మందిలో ఒకరే. మీకు నిద్ర పట్టకపోతే మీరు బలహీనులని అనుకోవద్దని చెప్పడానికే ఈ అంకెలు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే కొంత ధైర్యం ఉంటుంది. మిస్సోరి విశ్వవిద్యాలయంలో సూసన్ స్కాట్ బృందం ఇలాంటి అనుభవం ఉన్న 31 మందితో మాట్లాడి 2009లో ఆరు దశలను గుర్తించింది. మొదట గందరగోళం. తర్వాత జరిగినదే మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు తిరగడం. తర్వాత తోటివారి దృష్టిలో తన స్థానం ఏమైందోనన్న వెతుకులాట. తర్వాత విచారణ. తర్వాత ఎవరో ఒకరి ఓదార్పు. చివరికి వృత్తి వదిలేయడమో, ఏదోలా నెట్టుకురావడమో, నేర్చుకుని నిలబడడమో. నేను రెండో దశలో నెలల తరబడి ఆగిపోయాను. కళ్ళు మూసుకుంటే ఆ సగం వాలిన రెప్పలు కనబడేవి.

ఇలాంటి రోజుల్లో చేయవలసిన పనులు పెద్దవి కావు. మొదటి రెండు మూడు రోజులు ఒంటరి రాత్రి డ్యూటీ వద్దని అడగండి. సెలవు పెట్టి ఊరికి పారిపోవడం కన్నా, పగటి డ్యూటీలో ఇంకొకరి పక్కన పనిచేయడం మేలు. ఇంట్లో చెప్పండి. రోగి పేరు, ఊరు చెప్పకుండా జరిగినది చెప్పవచ్చు. "ఏమైంది, ఎందుకలా ఉన్నావు" అని అడిగే అమ్మకో భార్యకో "ఏమీ లేదు" అనే జవాబు రోజూ చెప్పడం అలసటను రెట్టింపు చేస్తుంది. వార్డు బీరువాలోంచి ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలాం మాత్రలు తీసుకుని మీకు మీరే వేసుకోకండి, నిద్ర కోసం మద్యం ముట్టకండి. మన చేతికి మాత్రలు సులువుగా అందుతాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు, ఆ రోజు మీ చేతిలో ఉన్నవి రాయండి. నా కాగితంలో అక్కడ రెండున్నాయి: కళ్ళ బరువు గురించి విని కూడా చూడలేదు, వానాకాలంలో నేల పడక గురించి అడగలేదు. కుడివైపు, మీ చేతిలో లేనివి రాయండి. ఇరవై నాలుగు గంటల డ్యూటీ, మాటలు మార్చడానికి ఆయా తప్ప ఎవరూ లేకపోవడం, వెంటిలేటరు కొండ దిగితే తప్ప లేకపోవడం. జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త, ప్రమాదమంటే ఒక మనిషి తప్పు మాత్రమే కాదని, ఒకదాని వెనుక ఒకటి పెట్టిన చీజ్ ముక్కల్లో రంధ్రాలన్నీ ఒకే వరసలోకి వచ్చిన క్షణమని వివరించారు. ఈ కాగితం ఆ పోలికకు మన ఇంటి రూపం. కుడివైపు ఖాళీగా ఉంచి అన్నీ ఎడమవైపు రాసుకునేవాడు కుంగిపోతాడు, ఎడమవైపు ఖాళీగా ఉంచేవాడు మళ్ళీ అదే తప్పు చేస్తాడు.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఉంటే, లేదా నెల దాటినా ఆ దృశ్యం వెంటాడుతుంటే, ఆ గదిలోకి అడుగుపెట్టడానికే కాళ్ళు రాకపోతే సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రోజులు లెక్కపెట్టకండి, ఆ గంటలోనే ఒకరికి చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. చిన్న ఊళ్ళో అందరికీ తెలిసిపోతుందన్న భయం ఉంటుంది, నాకూ ఉండేది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయినా సంకోచమైతే జిల్లా దాటి బరంపురమో విశాఖో వెళ్ళి చూపించుకోండి, కానీ వెళ్ళండి.

చట్టం గురించి కొద్దిగా

భయానికి సగం కారణం తెలియకపోవడమే కాబట్టి రెండు మాటలు. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. అక్కడ విషయం నష్టపరిహారం. క్రిమినల్ కేసు వేరు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, నిర్ణయంలో పొరపాటు జరిగినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని, నేర విచారణకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందుగా వేరొక వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం చికిత్సలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ వైద్యుడికి రెండేళ్ళ వరకు జైలు, జరిమానా ఉండవచ్చు. నోటీసు వస్తే స్నేహితుల వాట్సాప్ సలహాలతో కాకుండా వకీలుతో కలిసి జవాబివ్వండి.

తోటివాళ్ళు చేయవలసింది

ఆ వారంలో నన్ను పలకరించినవాళ్ళు మూడు రకాలు. ఏమీ తెలియనట్టు క్రికెట్ గురించి మాట్లాడినవాళ్ళు, "ఊరుకో బాబూ, ఇలాంటివి అందరికీ జరుగుతాయి" అన్నవాళ్ళు, "కనురెప్పలు చూడలేదా" అని అడిగినవాళ్ళు. నాలుగోరకం ఒక్కరే. పర్లాకిమిడి నుంచి రిటైరయిన ఒక పెద్ద డాక్టరుగారు సాయంత్రం బస్సు దిగి నా క్వార్టరుకు వచ్చి, టీ పెట్టమని, తాను ముప్పై ఐదేళ్ళ క్రితం ఒక బాలింత విషయంలో చేసిన పొరపాటును తేదీతో సహా చెప్పారు. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు "రేపు మళ్ళీ ఫోన్ చేస్తాను" అన్నారు, చేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్సకు చెప్పిన పద్ధతి మూడు మాటల్లో ఇమిడిపోతుంది: చూడు, విను, కలుపు. ఆయనకు ఆ పేరు తెలియకపోవచ్చు, చేసింది మాత్రం అదే. మీ తోటి డాక్టరుకో సిస్టరుకో ఇలాంటిది జరిగితే ఆ రోజే వెళ్ళండి. అన్నం తిన్నారా అని అడగండి. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పమని బలవంతం చేయవద్దు. అలా ఒక్క విడతలో కక్కించే పద్ధతి వల్ల మేలు లేదని తేలింది. చెబితే వినండి. మరుసటి వారం మళ్ళీ వెళ్ళండి, ఎందుకంటే మొదటి మూడు రోజులు అందరూ ఉంటారు, పదో రోజున ఎవరూ ఉండరు.

తిరిగి డ్యూటీకి

తిరిగి వచ్చిన డాక్టరు రెండు రకాలుగా మారవచ్చు. నేను తప్పు రకంగా మారాను. ఆరు నెలల పాటు కడుపునొప్పి అన్న ప్రతి మనిషినీ చేర్చుకున్నాను, అనుమానం లేకపోయినా విశాఖపట్నం రిఫర్ చేశాను. అలా పంపిన ఒక ముసలాయనకు అక్కడ తేలింది మామూలు గ్యాస్ట్రిక్ నొప్పి. బండి కిరాయికీ పరీక్షలకూ ఆ ఇల్లు పాలిచ్చే ఆవును అమ్ముకుంది. ఆ ఆవును అమ్మించింది నా భయమే. మీరు రిఫర్ రాసే ముందు "ఇది ఈ రోగి కోసమా, ఆ పాత రోగి కోసమా" అని ఒక్కసారి అడిగి చూసుకోండి. జవాబు తెలియకపోతే ఇంకొక డాక్టరుకు ఫోన్ చేసి కేసు చెప్పండి.

మంచి మార్పు చిన్నదిగా, రోజూ చేయదగినదిగా ఉండాలి. ఇప్పుడు నేను పనిచేసే చోట వానాకాలం మొదలయ్యేసరికి క్యాజువాలిటీ గోడ మీద ఒక అట్ట వేలాడుతుంది. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టుండడం, కళ్ళ బరువు అంటూ వచ్చినవారిని రాత్రి ఎక్కడ పడుకున్నారని అడగాలి. తల కదపకుండా ఒక నిమిషం పైకి చూడమని, రెప్పలు వాలుతున్నాయేమో గమనించాలి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చూడాలి. ఏ అనుమానం ఉన్నా ఇంటికి పంపకూడదు, గంట గంటకూ మళ్ళీ చూడాలి. ఈ ప్రశ్నలు తెలుగులో, ఒడియాలో, వాటి కింద తెలుగు లిపిలో సవరలో రాసి ఉన్నాయి. సవర మాటలు రాయించింది ఆ ఆశా దీదీయే. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకూ మొదటి రోజు ఆ అట్ట ముందు నిలబెట్టి, దాని వెనకున్న మనిషి కథ నేనే చెబుతాను, పొరపాటు ఎవరిదో కూడా చెబుతాను.